పొగరు అనిపించిన పనితనం

భానుమతి పేరెత్తగానే ముందు వచ్చే మాట పొగరు. సెట్‌లో ఎవరికి ఎంత ఘాటుగా జవాబిచ్చిందో, ఏ హీరో ఆవిడ ఎదట నిలబడడానికి ఎంత జంకాడో, ఏ నిర్మాతను ఎంతసేపు కాయించిందో చెప్పే కథలు తెలుగునాట కొల్లలు. అందులో నిజమెంతో, చెప్పేవాళ్ల సరదా ఎంతో తేల్చే పని నాకొద్దు. ఆ పొగరు తెర మీద ఏం పని చేసిందన్నదే నాకు కావలసింది. ఆవిడ నటనను ఒకటికి నాలుగుసార్లు దగ్గరగా చూస్తే ఒక సంగతి తెలిసొస్తుంది. మనం పొగరనుకుంటున్నది చాలాచోట్ల వేళ మీద ఆవిడకున్న పట్టు. మాట ఎప్పుడు అందుకోవాలి, ఎక్కడ ఆపాలి, చూపు ఎప్పుడు తిప్పాలి, ఊపిరి ఎక్కడ పీల్చాలి, అన్నీ ఆవిడే తేల్చుకుంటుంది. ఎదటి నటుడు, వాద్యబృందం, చూస్తున్న మనం, అందరం ఆవిడ కోసం ఒక అర క్షణం ఆగుతాం. ఆగామని మనకు తెలియను కూడా తెలియదు.

మా గరాచర్మలో ఆవిడ గురించిన తగువు ఒకటి ఎన్నటికీ తెగదు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురమైంది గాని మా నోళ్లకు ఇంకా పోర్ట్ బ్లెయిరే. దాన్ని ఆనుకుని ఉన్న ఊరు మాది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి షిప్పెక్కి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు, తమిళులు, బెంగాలీలు, మలయాళీలు, రాంచీవాళ్లు పక్కపక్క ఇళ్లలో ఉంటారు. నలుగురూ కలిస్తే మాట హిందీలోకి మారిపోతుంది. పాత సినిమాల ప్రస్తావన వస్తే మాత్రం ఎవరి భాష వాళ్లకు గుర్తొస్తుంది. తమిళ ఇళ్లలో పెద్దవాళ్లు భానుమతి తమ మనిషే అంటారు. 'మలైక్కళ్లన్', 'అలీబాబావుం నార్పదు తిరుడర్గళుం', 'రంగూన్ రాధా', 'అన్నై' అంటూ వేళ్లు మడుస్తారు. అన్నాదురై ఆవిడను నటనకు వ్యాకరణమన్నారని గర్వంగా చెబుతారు. మనవాళ్లు 'మల్లీశ్వరి' ఒక్క పేరు చెప్పి ఊరుకుంటారు, ఆ పైన సాక్ష్యమెందుకన్నట్టు. నిజానికి ఇరువైపులా న్యాయం ఉంది. రెండు భాషల్లోనూ మాట ఆవిడదే, పాటా ఆవిడదే. అరువు గొంతుతో ఏ ఊళ్లోనూ కాలు పెట్టలేదు.

ఇక్కడివాళ్లం ఆవిడను ముందు చెవులతో ఎరుగుదుం. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చేదాకా ఈ ద్వీపాల్లో ఇంటర్నెట్ అంటే శాటిలైట్ మీద ఆధారపడ్డదే. వీడియో పెడితే గుండ్రాలు తిరగడమే తప్ప బొమ్మ కదిలేది కాదు. అందుకే పాత సినిమాలు మాకు బొమ్మలుగా కంటే పాటలుగా చేరాయి. సెలవులకు మెయిన్‌లాండ్ వెళ్లొచ్చినవాళ్లు మొదట క్యాసెట్లు, తర్వాత మెమరీ కార్డులు తెచ్చేవారు. బొమ్మ లేకుండా భానుమతిని వినడం ఒక రకంగా మంచి శిక్షణే. ముఖం చూసి మురిసిపోయే వీలు లేదు గనక ఆ గొంతు ఏం చేస్తోందో పట్టించుకోక తప్పదు. ముక్కుతో పలికే ఒక ఛాయ, గమకం చివర చిన్న వణుకు, మాట తెగే చోట ఒక విరుపు. తీయనైన గొంతు అనలేం. పి. సుశీల గొంతు పక్కన పెడితే తీపిలో నిలవదు. కాని చీకట్లో విన్నా ఇది ఫలానా మనిషి అని చెప్పగల గొంతు అది.

జీవితం క్లుప్తంగా చెప్పుకుని పనిలోకి వెళ్దాం. 1925 సెప్టెంబర్ 7న ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టింది. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య సంగీతమంటే ప్రాణం పెట్టే మనిషి. తొలి పాఠాలు ఇంట్లోనే. 1939లో సి. పుల్లయ్య తీసిన 'వరవిక్రయం'తో సినిమాల్లోకి వచ్చింది. కాళ్లకూరి నారాయణరావు వరకట్నం మీద రాసిన నాటకమది. అందులో కాళింది వేషం. అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. కూతుర్ని హీరో ముట్టుకోకూడదని తండ్రి షరతు పెట్టాడని అందరూ చెప్పుకునేదే. 1943లో 'కృష్ణప్రేమ' సెట్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేస్తున్న పి.ఎస్. రామకృష్ణారావును చూసి, తనే ఇష్టపడి, అదే ఏడు పెళ్లి చేసుకుంది. ఆ షరతుల తండ్రిని ఒప్పించడం సులువుగా జరిగి ఉంటుందని నేననుకోను.

పెళ్లయ్యాక సినిమాలు మానేద్దామనుకున్న మనిషిని దర్శకుడు బి.ఎన్. రెడ్డి 'స్వర్గసీమ'కు పిలిచాడు. 1945 జనవరిలో వచ్చిందది. కాపురమున్న మగవాణ్ణి వలలో వేసుకునే ఆడదాని పాత్ర. చిత్తూరు నాగయ్య భర్త, బి. జయమ్మ భార్య. భానుమతి వీధుల్లో ఆడి పొట్టపోసుకునే సుబ్బి. ఆ సుబ్బే తర్వాత నాటకరంగం మీద సుజాతాదేవి అవుతుంది. ఈ మార్పును ఎలా చేసిందో గమనించండి. చీర మారుతుంది, నగలు మారతాయి, అవి ఎవరైనా మార్చగలరు. భానుమతి మార్చింది ఉచ్చారణ. సుబ్బి మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, చివర్లు మింగేస్తుంది. సుజాత మాటకూ మాటకూ మధ్య చోటు వదులుతుంది. ఎదటివాడు ఆ చోటులోకి వచ్చి పడతాడని తెలిసినట్టు. అప్పటికి ఆవిడకు ఇరవై ఏళ్లు లేవు. వల వేసే ఆడది అంటే ఒళ్లు తిప్పడమే అనుకునే రోజుల్లో, ఒళ్లు కదపకుండా మాటల మధ్య ఖాళీతో ఆ పని చేయించిన బి.ఎన్.నూ మెచ్చుకోవాలి.

ఆ సినిమాలో బాలాంత్రపు రజనీకాంతరావు రాసి వరస కట్టిన పావురం పాట ఉంది. ఆకాశవాణి ఉద్యోగి కావడంతో ఆయన పేరు తెర మీద పడలేదు. ఆ పాట ఎత్తుగడకు ప్రేరణ 1941లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'బ్లడ్ అండ్ శాండ్'. రీటా హేవర్త్ అందులో ఒక ధనికురాలైన వగలాడి. ఆ సినిమా చూసి వచ్చాక ఆ రాగం భానుమతి నోట కూనిరాగంగా మిగిలి, పాటలోకి దారి చేసుకుందని చెబుతారు. తమాషా ఏమిటంటే హేవర్త్ ఆ సినిమాలో తన గొంతుతో పాడలేదు. తెర వెనక వేరే గాయని పాడింది. ఆ తర్వాత హేవర్త్‌కు జగమంత పేరు తెచ్చిన 'గిల్డా'లోనూ పాటలు అనితా ఎల్లిస్ గొంతువే. అంటే ఒంగోలు వైపు అమ్మాయి ఒక అరువు పాటను విని, సొంత పాటగా చేసుకుని పాడింది. సంగీతం తెలిసినవాళ్లు ఆ పాటలో స్పానిష్ పోకడనూ మన గమకాన్నీ విడదీసి చూపగలరు. నేను వినేది ఒక్కటే. ఎత్తుకున్న స్వరం మీద ఆవిడ నిలబడిపోతుంది, తాళం పరుగెత్తుతున్నా తను పరుగెత్తదు.

టాకీల తొలినాళ్లలో నటీనటులు కెమెరా ముందే పాడేవారు. ప్లేబ్యాక్ వచ్చాక గొంతు ఒకరిది, ముఖం ఒకరిది అయింది. అది తప్పని నేననను. ఆ ఏర్పాటు లేకపోతే ఘంటసాల లేడు, సుశీల లేదు. కాని ముఖం, గొంతు ఒకే మనిషివైతే నటనలో ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే 1951 డిసెంబర్‌లో విడుదలైన 'మల్లీశ్వరి'కి మించిన పాఠ్యపుస్తకం లేదు.

వాహినీవారి సినిమా. బి.ఎన్. రెడ్డి దర్శకత్వం, దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలూ పాటలూ, సాలూరి రాజేశ్వరరావు సంగీతం, ఎ.కె. శేఖర్ కళ. 1953లో చైనా భాషలో సబ్‌టైటిల్స్ వేసి చైనాలో కూడా ఆడించారు. కథ తెలియనివాళ్లు ఉండరు గాని ఒక్క ముక్కలో చెబుతాను. కృష్ణదేవరాయల కాలం. మల్లీశ్వరి, ఆమె బావ నాగరాజు. రాయలే మారువేషంలో ఉన్నాడని తెలియక, మా మల్లిని పల్లకీ పంపించి రాణివాసానికి తీసుకుపోండని బావ వేళాకోళమాడతాడు. పల్లకీ నిజంగానే వస్తుంది.

సంత నుంచి ఇంటికి తిరిగొచ్చే బండి పాటను ముందు చూడండి. ఎద్దులు పరుగు తీస్తుంటాయి, మబ్బు కమ్ముకొస్తుంటుంది, బండిలో ఇద్దరు. నాగరాజు వేషం వేసిన ఎన్.టి. రామారావు పెదవులు ఘంటసాల గొంతుకు కదులుతున్నాయి. భానుమతి పెదవులు తన గొంతుకే కదులుతున్నాయి. ఇద్దరికీ పాట ముందే రికార్డయి ఉంది, షూటింగ్‌లో వినిపిస్తుంటే పెదవులు కలపడమే ఇద్దరి పనీ. అయినా తేడా ఉంది. రామారావు ఎంత బాగా చేసినా పాట వినబడ్డాక ముఖం కదులుతుంది. భానుమతి భుజం పాట కంటే ముందు లేస్తుంది. ఎత్తుగడకు ముందు ఊపిరి ఎక్కడ పీల్చిందో ఒంటికి గుర్తుంది గనక కెమెరా ముందు కూడా అక్కడే పీలుస్తుంది. మెడ నరం బిగుసుకోవడం, స్వరం పైకి పోయేటప్పుడు గడ్డం కాస్త దిగడం, పాదం పూర్తయ్యాక పెదవి కొసన నవ్వు ఆగి ఉండడం, ఇవేవీ ఇంకొకరి పాటకు పెదవులు కలిపితే వచ్చేవి కావు. రామారావును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన నాగరాజులో ఉన్న అమాయకపు ఉత్సాహం అపురూపం, తర్వాతి కాలంలో ఆయనే దాన్ని పోగొట్టుకున్నాడు.

వాన పెద్దదై ఇద్దరూ పాడుబడ్డ మండపంలో తలదాచుకుంటారు. అక్కడ మల్లి ఆడి పాడుతుంది. పిలిచినా బిగదీసుకుని ఉన్న ప్రియుణ్ణి దెప్పే జావళి ధోరణి పాట. ఈ దృశ్యాన్ని నేను ఆపి ఆపి చూశాను. ఇందులో భానుమతి ముందున్న చిక్కు ఏమిటంటే తను గొప్ప గాయని, మల్లి గొప్ప గాయని కాదు. పల్లెటూరి పిల్ల. బావ ఒక్కడి కోసం, వాన తగ్గేదాకా పొద్దుపుచ్చడానికి పాడుతోంది. కచేరీలా పాడితే పాత్ర పోతుంది, వచ్చీరానట్టు పాడితే చాటున ఉన్న రాయలూ ఆయన ఆస్థాన కవి పెద్దనా ముగ్ధులవడంలో అర్థం లేదు. ఆవిడ చేసిన పని చూడండి. గమకాలన్నీ వేస్తుంది, కాని ఏ గమకాన్నీ ప్రదర్శనకు పెట్టదు. పలికీ పలకనట్టు వదిలేసి తరువాతి మాట మీదికి దూకుతుంది. విద్య ఉంది, విద్య ఉందన్న స్పృహ లేదు. సభలో పాడేవాళ్లు పాదం చివర చప్పట్లకు ఆగుతారు. మల్లి ఆగేది బావ ముఖం చూడడానికి. ఆగడం అదే, కారణం వేరు. ఆ కారణం కంట్లో కనబడుతుంది.

ఆట ముగిశాక, ఒక్కడి కోసమని ఆడినదాన్ని వేరెవరో కూడా చూశారని తెలుస్తుంది. ఇంకొక నటి అయితే ఇక్కడ సిగ్గు అభినయించేది. భానుమతి సిగ్గు కంటే ముందు చిరాకు పడుతుంది. తమ ఇద్దరి చోటులోకి ఎవడో అడుగుపెట్టాడన్న చిరాకు. ఆ తర్వాతే సిగ్గు. వరస అలా పెట్టడంలోనే పాత్ర గుట్టంతా ఉంది. బావ నోటి నుంచి ఆ వేళాకోళం జారుతుంటే ఆవిడ ముఖంలో నవ్వు రాదు. మనకు కథ తెలుసు, ఆమెకు తెలియదు. అయినా ఆ మాట ఆమెకు నచ్చలేదని మాత్రం మనకు తెలుస్తుంది.

పల్లకీ వచ్చాక సినిమా స్వభావం మారిపోతుంది. రాణివాసంలో మల్లికి మాట్లాడడానికి మనిషి లేడు. సినిమా మొదటి సగమంతా గలగలా మాట్లాడిన పిల్ల నోరు మూసుకుంటుంది. ఇక్కడ భానుమతి వాడుకున్నది 'బావా' అన్న ఒక్క పిలుపు. సంత దారిలో అది ఆటపట్టించే పిలుపు, మాట చివర పైకి లేస్తుంది. మండపంలో బతిమాలే పిలుపు, సాగుతుంది. నగరంలో శిల్పిగా వచ్చిన నాగరాజు ఎదురుపడ్డాక అది సగమే పలుకుతుంది. మొదటి అక్షరం గొంతులోనే ఆగిపోయి రెండోది గాలిగా బయటికొస్తుంది. రేవు దగ్గర ఇద్దరూ కలుసుకున్నాక పూర్తిగా పలుకుతుంది గాని పైకి లేవదు, కిందికి దిగుతుంది. రెండక్షరాల మాట మీద ఇంత పని జరిగిందని మొదటిసారి చూసినప్పుడు ఎవరికీ తట్టదు. తట్టకూడదు కూడా.

చిలకతో చెబుతున్నట్టు తన మనసుకే బుద్ధి చెప్పుకునే పాట ఒకటుంది. బావను కలుసుకునే వేళ దగ్గరపడుతోంది, మనసు ఆగడం లేదు. మనసును ఎందుకింత ఆత్రమని మందలిస్తున్న ఆ గొంతులోనే ఆత్రమంతా ఉంది. పైకి చెప్పే మాట ఒకటి, స్వరం చెప్పేది దానికి ఎదురు. ఇది మాటలు రాసిన కవికీ, వరస కట్టిన రాజేశ్వరరావుకూ, పాడిన మనిషికీ ముగ్గురికీ ఒకేసారి అర్థమై ఉండాలి, లేకపోతే కుదరదు. రేవు దగ్గరి రాత్రి పాటలో ఇంకో సాహసం చేసింది. దాదాపు సగం గొంతుతోనే పాడింది. అప్పటి మైక్రోఫోన్ ముందు గొంతు తగ్గించి పాడడం మాటలు కాదు, శ్రుతి జారుతుంది, మాట నలుగుతుంది. ఆవిడ శ్రుతి జారదు. నిండు కడవ ఎత్తుకుని నడిచేవాళ్ల నడకలా, తొణకకుండా, తొందరపడకుండా సాగుతుంది. అప్పటికి ఆవిడ ఇరవై ఆరేళ్ల మనిషి, ఒక బిడ్డ తల్లి, ఒక నిర్మాణ సంస్థ యజమాని. తెర మీద ఉన్నది పద్దెనిమిదేళ్ల పిల్ల. ఆ తేడా ఎక్కడా కనబడదంటే అది మేకప్ ఘనత కాదు.

మల్లీశ్వరి కథ మొత్తంలో తనంతట తాను చేసేది చాలా తక్కువ. తల్లి పంపితే వెళ్తుంది, రాజు ఉంచితే ఉంటుంది. అలాంటి పాత్ర ఏడుపుగొట్టుదైపోవాలి. కాలేదు. ఎవరి ఆజ్ఞ పాటిస్తున్నా పాటించే ముందు ఆ చిన్న విరామం ఒకటి భానుమతి తన దగ్గర ఉంచుకుంది గనక.

దీనికి పూర్తిగా ఎదురు పాత్ర 1954 నాటి 'విప్రనారాయణ'లో దేవదేవి. భరణీ పిక్చర్స్ సొంత సినిమా, భర్త రామకృష్ణారావు దర్శకుడు, అక్కినేని నాగేశ్వరరావు భక్తుడు. తన వైపు కన్నెత్తి చూడని ఆ పూలతోట సన్యాసిని లొంగదీసుకుంటానని పంతం పట్టి, భక్తురాలి వేషంలో ఆశ్రమం చేరుతుంది దేవదేవి. అంటే నటించే ఆడదాన్ని నటించాలి. ఇలాంటి చోట చాలామంది వేషం వేరు, నిజం వేరు అని ప్రేక్షకుడికి కన్నుగీటి చెబుతారు. భానుమతి అంత తేలిగ్గా వదలదు. వినయంగా తల వంచుతుంది, కాని వంచిన తల ఎత్తే వేళను లెక్కపెడుతుంది. ఆయన చూశాడా లేదా అని కనురెప్ప ఒకటి ముందుగా లేస్తుంది. తర్వాత నిజంగా ప్రేమలో పడ్డాక అదే తల వంపు మళ్లీ వస్తుంది, ఈసారి రెప్ప లేవదు. ఆ ఒక్క రెప్పతో కథ మలుపు తిరిగింది. నాగేశ్వరరావు చాలా మంచి నటుడే, ఈ సినిమాలో ఆయనకు ఎ.ఎం. రాజా పాడిన పాటలూ గొప్పవే. కాని ఇద్దరూ ఉన్న చోట నా కన్ను ఆయన మీద నిలవదు.

ఆ రోజుల్లో హాలీవుడ్ నటీమణులకు స్టూడియోలతో ఏడేళ్ల ఒప్పందాలుండేవి. ఇచ్చిన వేషం వేయాలి, కాదంటే జీతం ఆపి ఆ రోజులు కూడా ఒప్పందానికి కలిపేవారు. బెట్టీ డేవిస్ 1936లో వార్నర్ బ్రదర్స్‌ను కాదని ఇంగ్లండ్ వెళ్లి, కోర్టులో ఓడి తిరిగొచ్చింది. 1944లో ఒలీవియా డి హావిలాండ్ గెలిచాకే ఆ పద్ధతికి గండి పడింది. భానుమతి కోర్టుల జోలికి పోలేదు. భర్తతో కలిసి కొడుకు పేరున భరణీ పిక్చర్స్ పెట్టి 'రత్నమాల' తీసింది, తర్వాత మద్రాసులో భరణీ స్టూడియో కూడా కట్టించారు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తనే డైరెక్ట్ చేసింది, అందులో తనదే ద్విపాత్రాభినయం. అదే కాలంలో హాలీవుడ్‌లో దర్శకత్వం చేస్తున్న ఆడవాళ్లలో చెప్పుకోదగ్గ పేరు దాదాపు ఐడా లుపినో ఒక్కర్తిదే. ఆవిడా నటే, ఆవిడా భర్తతో కలిసి సంస్థ పెట్టుకున్న మనిషే. కాని లుపినో మూడు భాషల్లో తీయలేదు, కవలలుగా నటించలేదు. 'చండీరాణి' గొప్ప సినిమా అని నేననను. కథ జానపదం మూసలోదే. ఒకే మనిషి ఇన్ని పనులు నెత్తికెత్తుకోవడం మాత్రం గొప్పే.

'మిస్సమ్మ' సంగతి అందరికీ తెలిసిందే గనక తొందరగా దాటేస్తాను. కొంత షూటింగ్ అయ్యాక, వరలక్ష్మీ వ్రతం రోజు ఆలస్యంగా వచ్చిందన్న దగ్గర నిర్మాత చక్రపాణితో మాటా మాటా పెరిగి ఆవిడ తప్పుకుందని చెబుతారు. ఆ వేషం సావిత్రికి, సావిత్రి వేషం జమునకు వెళ్లాయి. 1955లో సినిమా వచ్చి సావిత్రి ఎక్కడికో వెళ్లిపోయింది. భానుమతి మిస్సమ్మను ఊహించుకుంటే నాకు కొంత అనుమానమే. ఆ పాత్రకు చిరాకు పడడం రావాలి, అది ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. కాని చిరాకు కరిగే తీరు సావిత్రికి వచ్చినంత మెత్తగా ఆవిడకు వచ్చేదా? ఏమో.

పొగరు నవ్వు పుట్టిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే 'అంతస్తులు'లో పోకిరీల దుమ్ముదులిపే పాట ఉంది. 1965లో వచ్చిన సినిమా అది. శాస్త్రీయ సంగీతం నేర్చిన గొంతును వీధి పాటకు దించి, ఎక్కడా గొంతు చించుకోకుండా పరువు తీసింది. మరుసటి ఏడు 'పల్నాటి యుద్ధం'లో నాయకురాలు నాగమ్మ. బ్రహ్మనాయుడు వేసిన రామారావుకు సరిజోడు కావాలి, దొరికింది. ఆ ఏడే పద్మశ్రీ కూడా వచ్చింది.

రాతలో కూడా ఇదే చెయ్యి. 'అత్తగారి కథలు' చదివినవాళ్లకు తెలుస్తుంది. మడి, ఆచారం, పిసినారితనం, అమాయకత్వం కలిసిన ఆ అత్తగారి భాగోతం కోడలు చెబుతుంటుంది. హాస్యం కోసం ఆవిడ అతిశయోక్తి జోలికి పోదు. అత్తగారు అన్న మాట అలాగే పెట్టి, తను జవాబు చెప్పకుండా పేరా ముగిస్తుంది. తెర మీద ఆగినట్టే కాగితం మీదా ఆగడం తెలిసిన మనిషి. ఆ పుస్తకానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆత్మకథ 'నాలో నేను' సినిమా మీద వచ్చిన ఉత్తమ గ్రంథంగా జాతీయ పురస్కారం అందుకుంది.

తప్పు పట్టాల్సిన చోటు లేకపోలేదు. డెబ్బైల తర్వాత వచ్చిన సినిమాల్లో చాలావాటిలో ఆవిడ పాత్రను కాకుండా భానుమతినే నటించింది. దర్శకులు కూడా అదే అడిగారు. ఒక గదమాయింపు, ఒక విరుపు, ఒక కీర్తన ముక్క, ఇంటికి పెద్దదిక్కు. విరామం కాస్తా అలవాటు అయిపోయింది. ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసిపోతుంటే ఆగడంలో పస ఉండదు. ఎదటివాళ్లెవరూ ఆవిడకు ఇది బాలేదని చెప్పే స్థితిలో లేకపోవడం కూడా ఒక కారణమై ఉండాలి. బి.ఎన్. రెడ్డి లాంటివాడు ఒక్కడు అప్పుడు ఉంటే బాగుండేది.

అయినా 1984లో 'మంగమ్మగారి మనవడు' వచ్చింది. కోడి రామకృష్ణ దర్శకత్వం, బాలకృష్ణ మనవడు. అంతకు ముందు ఏడు భారతీరాజా తీసిన తమిళ 'మణ్ వాసనై' దీనికి మూలం. తమిళంలో ఆ ముసలమ్మను గాంధిమతి చేసింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నటనలో ఎంపిక అంటే ఏమిటో తెలుస్తుంది. గాంధిమతి ముసలమ్మ వీధిలో అరుగు మీద కూచుని నోరు పారేసుకునే మనిషి, తిట్టు ముందు వస్తుంది, ఆలోచన తర్వాత. భానుమతి మంగమ్మ తిట్టే ముందు ఒకసారి ఎదటివాణ్ణి ఎగాదిగా చూస్తుంది. ఆ ఊరికి, ఆ మట్టికి దగ్గరిది గాంధిమతిదే, అందులో సందేహం లేదు. కాని భానుమతి మంగమ్మకు ఒక గతం ఉన్నట్టుంటుంది, సినిమా చెప్పని గతం. వాణీ జయరాంతో కలిసి సూర్యుణ్ణి నిద్రలేపే పాట పాడిందందులో. దాదాపు అరవై ఏళ్ల గొంతు. పై స్థాయి తగ్గింది, వణుకు పెరిగింది. ఆ వణుకును దాచుకోవాలని చూడలేదు. మంగమ్మ ముసలిది గనక గొంతు వణకాల్సిందే అన్నట్టు, దాన్ని పాత్ర కింద జమ కట్టేసింది.